ఆవకాయ పడ్డ గుంత

నాకు కోపం జాస్తి. మా డిపార్ట్‌మెంటులో అటెండరు మొదలు ఆచార్యుల దాకా అందరికీ తెలిసిన సంగతే కనక ఇందులో దాచుకునేదేమీ లేదు. అసలు నేను మట్టిపనిలోకి దిగడమే ఒక కోపం పుణ్యమా అని జరిగింది.

మాది తార్నాకలో నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు. ఒకసారి చెత్త ఆటో వరసగా నాలుగు రోజులు రాలేదు. ఐదో రోజు వచ్చినాయన మా బకెట్టులోకి తొంగి చూసి, తడీ పొడీ కలిపేశారమ్మా, తీసుకోనన్నాడు. కలిపింది నేనే. ఆ మాట ఒప్పుకోవడానికి నోరు రాలేదు. నాలుగు రోజులు చెత్తతో కాపురం చేయించి ఇప్పుడు నాకు పాఠాలు చెబుతారా అని మెట్ల మీద నుంచే కేకలేసి, ఇక ఈ జన్మలో మా వంటింటి చెత్త మీకివ్వనని చెప్పి తలుపేసుకున్నాను. మావారు పేపరులోంచి తలెత్తకుండానే, మరెవరికిస్తావ్ అని అడిగారు. యూనివర్సిటీకిస్తానన్నాను. నోటికొచ్చిన మాట అది. కానీ అన్నాక ఆయన ముందు వెనక్కి తీసుకునే అలవాటు నాకు లేదు.

మర్నాడు పొద్దున మూతున్న పాత పెయింటు డబ్బాలో అరటి తొక్కలు, బీరకాయ చెక్కు, టీ పిప్పి, కరివేపాకు రెబ్బలు నింపి స్కూటీ మీద కాళ్ల దగ్గర పెట్టుకుని బయల్దేరాను. క్యాంపస్ గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఆపి డబ్బాలో ఏముందన్నాడు. మూత తీసి చూపించాను. ముందురోజు ఇంట్లో రొయ్యలు వండాం. ఆ రోజు తర్వాత అతను నన్నెప్పుడూ ఆపలేదు, దూరం నుంచే సెల్యూట్ కొట్టి పంపించేవాడు.

నేను యూనివర్సిటీలో కెమిస్ట్రీ చెబుతాను. మా ల్యాబుల వెనక కొంచెం ఖాళీ నేల ఉంది. పాత గోడలు కూల్చినప్పుడల్లా ఆ పెళ్లలన్నీ అక్కడే పోశారు. పైన ఎర్ర మొరం, కింద రాయి. ఎన్ని వానలు పడినా గడ్డిపరక కూడా మొలవని చోటు. నా డబ్బా అక్కడ బోర్లించబోతుంటే వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

"గాడ పారేస్తె కుక్కలు గుంజుతయ్ మేడమ్. గీడ గుంత తవ్వుత, గిండ్ల వెయ్యండి. భూమికి గూడ ఆకలైతది."

ఆవిడ మా డిపార్ట్‌మెంటు తోటమాలి. అరవైకి దగ్గర పడ్డ మనిషి. జనగామ వైపు పల్లె. బోర్లెండిపోయి సేద్యం సాగక హైదరాబాదు వచ్చి, అడిక్‌మెట్‌లో ఒక గదిలో ఉంటూ కాంట్రాక్టు మీద మొక్కల పని చేస్తోంది. అంతవరకు నేను ఆవిడతో మాట్లాడిందల్లా, క్లాసు జరుగుతుంటే కిటికీ పక్కన నీళ్ల పైపు లాగొద్దని కసరడమే. ఆ పొద్దున నేను చూస్తుండగానే ఆవిడ గడ్డపారతో మోకాటి లోతు గుంత తీసింది. అప్పటి నుంచి ఆవిణ్ణి పెద్దమ్మా అని పిలవడం మొదలుపెట్టాను.

పెద్దమ్మకు తన పద్ధతి తనకుంది. అడుగున ఎండాకులు, పైన నా డబ్బా, దాని పైన పిడికెడు మట్టి, ఆ పైన పేడనీళ్లు. క్యాంపస్‌లో ఎండాకులకు కొదవేముంది, కుప్పలుపోసి కాల్చేవాళ్లు. పెద్దమ్మ వాళ్ల చేతిలోంచి అగ్గిపెట్టె లాక్కోవడం ఒక్కటే తక్కువ. పేడ మాత్రం అడిక్‌మెట్‌లో తన గది పక్కనున్న బర్రెల కొట్టంలోంచి కవర్లో కట్టుకొచ్చేది. ఒకరు తార్నాక నుంచి తొక్కలు, ఇంకొకరు అడిక్‌మెట్ నుంచి పేడ, ఇద్దరు ఆడవాళ్లం పొద్దున్నే ఎంత శ్రద్ధగా యూనివర్సిటీకి వచ్చేవాళ్లమో. డిగ్రీలకి కూడా నేనంత శ్రద్ధగా వెళ్లిన గుర్తు లేదు.

కార్తీకంలో తవ్విన గుంత శివరాత్రి నాటికి పండింది. పెద్దమ్మ పార పెట్టి తిరగేస్తే నల్లగా, పొడిపొడిగా, తొలకరి వాసనతో బయటికొచ్చింది. అరటి తొక్క లేదు, బీరకాయ చెక్కు లేదు. నిండా వానపాములు. పెద్దమ్మ వాటిని ఎర్రలు అనేది. నేను దోసిలి నిండా మట్టి తీసుకుని వాసన చూస్తూ నిలబడిపోయాను. ముప్పై ఏళ్లుగా పరీక్ష నాళికల్లో ఎన్నో తయారుచేశాను గానీ, నా చేతుల మీదుగా తయారైనదాన్ని చూసి అంత సంతోషపడింది మాత్రం ఆ రోజే. ఆ ఎరువుని ఒక మూల చల్లి తోటకూర గింజలేస్తే పదిహేను రోజుల్లో మూడిళ్లకు సరిపడా కూర వచ్చింది.

ఇక నన్ను పట్టడం ఎవరి తరం కాలేదు. అపార్ట్‌మెంటులో ఇంటింటికీ తిరిగి పెయింటు డబ్బాలు పంచాను. లిఫ్టులో కాగితం అంటించాను: ప్లాస్టిక్ వద్దు, ఎముకలు వద్దు, నిమ్మతొక్కలు మితంగా, పాలకవర్లు కనిపిస్తే డబ్బా వాపసు. రెండో అంతస్తు ఆవిడ డబ్బాలో ఒకరోజు బిర్యానీ ఎముక దొరికితే దాన్ని తీసుకెళ్లి ఆవిడ గుమ్మం ముందే పెట్టి వచ్చాను. మావారికి పెరుగన్నంలో అరటిపండు ఇష్టం లేదు. తొక్క కావాలి కనక రోజుకొకటి తినమని ఆయన ప్రాణం తీశాను. గుంత కోసం తింటున్నానని ఆయన వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవారు. ఉప్పు వద్దని మాత్రం ఆ కాగితంలో రాయలేదు. ఉప్పు ఎవరు పారేస్తారు?

ఆ వేసవి మొదట్లోనే మా హెడ్డు ఒక కబురు చెప్పాడు. ఆయన ఒకప్పుడు నా స్టూడెంటే. స్కూటర్లు పెట్టుకోవడానికి చోటు చాలడం లేదు కనక ల్యాబుల వెనక నేలలో టైల్స్ వేయాలని పై నుంచి ఒత్తిడి ఉందట. వానలు మొదలైన నెలలోపు అక్కడ పచ్చదనం కనిపిస్తే తోట కింద వదిలేస్తారు. లేకపోతే టైల్స్ పడతాయి, తోట లేని చోట తోటమాలి ఎందుకు కనక పెద్దమ్మను హాస్టల్ ఊడ్చే పనికి మారుస్తారు. పెద్దమ్మతో ఈ మాట నేనే చెప్పాను. ఆవిడ చేతిలోని కలుపు తీసే కొడవలి పక్కన పెట్టింది.

"ఊడ్చుడు తప్పు పని గాదు మేడమ్," అంది. "కని దినాం మన్నుల చెయ్యి పెట్టకుంటె నాకు అన్నం తిన్నట్టే ఉండదు."

ఎవరికి చెబుతున్నావు పెద్దమ్మా, నేనుండగా ఈ నేల మీద టైల్ పడనివ్వనన్నాను. ఇద్దరం కలిసి పెద్ద గుంత తవ్వించాం. మా అపార్ట్‌మెంటు డబ్బాలన్నీ దానికే. మే నెలాఖరుకి అది పండాలి, నేలంతా పరవాలి, బంతీ టమాటా నారు నాటాలి. లెక్క ప్రకారం అంతా కుదిరింది.

అప్పుడొచ్చింది ఆవకాయల కాలం.

మా వైపు, అంటే తెనాలి వైపు వాళ్లకి, ఏడాదికోసారి జాడీలు ఖాళీ చేయడం ఒక పెద్ద కార్యక్రమం. కొత్త ఆవకాయ కలపాలంటే పాతది జాడీలోంచి పోవాలి. పోనీ కాలువలో పోసేద్దామంటే చేతులు రావు. ఆవకాయ కాలువలో పోస్తే ఇంటికి మంచిది కాదని మా అమ్మ గట్టిగా నమ్మేది, అడుగున మిగిలింది నల్లబడినా సరే, చెట్టు మొదట్లో పాతిపెట్టించేది. తార్నాకలో చెట్టు మొదలు ఎక్కడ దొరుకుతుంది? ప్రతి ఏడూ ఇదే బాధ. ఈసారి నాకు గుంత ఉంది. ఆవకాయకీ గౌరవం, మట్టికీ ఆహారం అనుకుని మురిసిపోయాను. పైగా ఊరికే ఉండలేక, అపార్ట్‌మెంటులో మా వైపు వాళ్లు ఇంకా మూడిళ్లు ఉంటే, వాళ్ల పాత ఆవకాయ, మాగాయ కూడా నేనే అడిగి తెచ్చుకున్నాను. వాళ్లు నాకు దణ్ణం పెట్టినంత పని చేశారు. నాలుగిళ్ల జాడీల అడుగులు, జాడీలు కడిగిన నీళ్లతో సహా, ఒక ఆదివారం పూట స్వయంగా మోసుకెళ్లి గుంతలో పోసి ఆకులు కప్పి వచ్చాను. ఆదివారం కనక పెద్దమ్మ లేదు.

పది రోజుల తర్వాత పెద్దమ్మ గుంత కలియబెట్టి, ఎర్రలు సచ్చినయ్ మేడమ్ అంది. ఎండ ఎక్కువైందన్నాను. వానలు మొదలవుతున్నాయి, ఆగడానికి వీల్లేదు, నేలంతా పరిచేయమన్నాను. పరిచాం. నారు నాటాం. వారం తిరిగేసరికి బంతి ఆకుల అంచులు మాడాయి, టమాటా తలలు వాల్చేసింది. ఇంకో వారానికి ఆ నేలలో పచ్చగా ఉన్నది నేను కట్టుకెళ్లిన చీర ఒక్కటే.

నా కోపం సంగతి చెప్పానుగా. ముందు రెండో అంతస్తు ఆవిడ మీద పడింది, ఎముకల వల్లే ఇదంతా అని. తర్వాత ఒక పొద్దున పెద్దమ్మ మీద పడింది. ఎమ్మెస్సీ పిల్లలు పదిమంది ల్యాబు మెట్ల మీద నిలబడి చూస్తుండగా, నీళ్లు సరిగ్గా పెట్టడం రాకపోతే ఇన్నేళ్లు ఏం సేద్యం చేశావని అడిగాను. ఆవిడ పైపు చుట్టచుట్టి భుజానేసుకుని వెళ్లిపోయింది. నేను క్లాసుకెళ్లి ద్రావణాల మీద గంట సేపు బ్రహ్మాండంగా పాఠం చెప్పాను.

నాలుగు రోజులకి కాగితం వచ్చింది. పై నెల ఒకటో తారీకు నుంచి పెద్దమ్మ హాస్టల్‌కి. అది చూడగానే పరుగున వెనక్కి వెళ్లాను. పెద్దమ్మ ఎండిన నారు పీకి ఒక పక్కన పేరుస్తోంది. ఇంకొక్కసారి చూద్దాం పెద్దమ్మా, కారణం ఏదో తెలుసుకోవాలి కదా అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసింది. వంగి చిటికెడు మట్టి తీసి, వేలి కొసతో నాలుక మీద వేసుకుంది. కాసేపు ఆగి పక్కకి ఉమ్మింది.

"ఉప్పగున్నది మేడమ్."

తర్వాత కొంగు ముడి విప్పి అందులోంచి ఒక మామిడి టెంక ముక్క తీసి నా చేతిలో పెట్టింది. దాని మీద ఎర్రటి నూనె జిడ్డు ఇంకా పోలేదు. ఒక ఆవపిండి పలుకు అంటుకుని ఉంది. అది ఎవరింటిదో చెప్పడానికి ఏ పరీక్షా అక్కర్లేదు, ఆ ముక్క నరికింది నేనే.

ఇది ఎప్పుడు దొరికిందని అడిగాను.

"ఎర్రలు సచ్చిన దినమే చూసిన. మీరు వినేటట్టు లేరు. మొన్న మీరు కోపం చేసినప్పుడు చెబ్దామనుకున్న. సదువుకునే పిల్లలు పక్కనే ఉన్నరు. సదువు చెప్పే తల్లిని వాళ్ల ముంగట ఎట్ల చిన్న చేస్త?"

నేను గుప్పెడు మట్టి పట్టుకుని ల్యాబులోకి వెళ్లి, నీళ్లలో కలిపి, ఉప్పును కొలిచే మీటరు అందులో ముంచాను. అంకె పైకి పోతూనే ఉంది. ఆ మీటరు నా గదికి పాతిక అడుగుల దూరంలో ఏళ్ల తరబడి ఉంది, నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. ఉప్పు ఎక్కువైన నేలలో వేళ్లు నీళ్లు పీల్చలేవని నేనే ఏటా బోర్డు మీద బొమ్మ గీసి చెబుతాను. కుర్చీలో కూర్చుని ఏడ్చాను. సిగ్గుతో వచ్చిన ఏడుపు అది. నా వల్ల పాడైన నేలకి, పదిమంది ముందు తిట్లు తిని నా పరువు కాపాడిన మనిషి చీపురు పట్టుకోబోతోంది.

మొహం కడుక్కుని నేరుగా హెడ్డు గదికి వెళ్లాను. టెంక ముక్క ఆయన బల్ల మీద పెట్టి, పెద్దమ్మ తప్పేమీ లేదు, నాలుగిళ్ల ఆవకాయ నేనే పోశానని చెప్పాను. నా నోటి నుంచి నా తప్పు అనే మాట ఆయన విద్యార్థిగా ఉన్నప్పుడు గానీ, ఆ తర్వాత గానీ విని ఉండడు. ఆ ముక్కను తిప్పి తిప్పి చూశాడు. పెదవులు బిగపట్టుకున్నాడు. ఆపుకోలేక నవ్వేశాడు. ఉప్పు గురించి మాకు మీరే కదా మేడమ్ చెప్పారు అని కళ్లు తుడుచుకున్నాడు. ఇంకెప్పుడైనా అయితే ఆ నవ్వుకి ఏం జరిగేదో గానీ ఆ రోజు నేను తల వంచుకుని నిలబడ్డాను. దసరా సెలవుల దాకా గడువిచ్చాడు. అప్పటి దాకా పెద్దమ్మ కదలదు, ఆ తర్వాత తన పూచీ లేదన్నాడు.

తిరిగి వెళ్లి, మొన్న చూసిన పదిమంది పిల్లల్నీ పిలిచాను. వాళ్ల ముందే పెద్దమ్మకు క్షమాపణ చెప్పాను. పెద్దమ్మ సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, జరగండి మేడమ్, పని ఉన్నది అంది.

పని నిజంగానే ఉంది. ఉప్పును వదిలించే మందు మంచినీళ్లే. మా ల్యాబులో డిస్టిల్డ్ వాటర్ తయారయ్యేటప్పుడు గొట్టాన్ని చల్లబరిచిన నీళ్లు పొద్దస్తమానం కాలువలోకి పోతుంటాయి. ఆ పైపును కిటికీలోంచి వెనక్కి మళ్లించాను. పెద్దమ్మ నేలంతా మడులు కట్టి, నీళ్లు ఇంకి వాలుకు పోయేలా ఒక కాలువ తీసింది. అదృష్టం బాగుండి ఆ ఏడు వానలు విద్యానగర్ రోడ్లను ముంచినంత పనిచేశాయి. ఊరంతా వానను తిట్టుకుంటుంటే మేమిద్దరం ల్యాబు చూరు కింద నిలబడి ఇంకా పడాలని కోరుకునేవాళ్లం. ప్రతి సోమవారం పెద్దమ్మ నాలుక మీద మట్టి వేసుకుని, ఇంత తగ్గింది అని వేళ్లతో చూపించేది. నేను లోపలికెళ్లి మీటరు పెట్టి చూసి వచ్చేదాన్ని. మీటరు ఒక్కసారి కూడా ఆవిడ మాట కాదనలేదు. పిల్లలు పందేలు కాసేవారు, అందరూ పెద్దమ్మ వైపే.

శ్రావణం నడుమ ఒక పొద్దున పెద్దమ్మ గేటు దగ్గరే నాకు ఎదురొచ్చింది. చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. నేలంతా రెండేసి ఆకుల మొలకలు. మేము ఏ విత్తనమూ వేయలేదు. వంగి చూశాను. దోస. మా అపార్ట్‌మెంటులో వారానికి రెండు రోజులు ప్రతి ఇంటా దోసకాయ పప్పే. ఆ గింజలన్నీ డబ్బాల్లోంచి గుంతలోకి, గుంతలోంచి నేలలోకి వచ్చి, ఉప్పు వదిలేదాకా ఓపిగ్గా పడుకుని, ఇప్పుడు లేచాయి. పెద్దమ్మ ఒక్క మొక్కనూ పీకనివ్వలేదు. పిలవకుండా వచ్చినయే నిలబడతయ్ అంది.

నిలబడటమే కాదు, పరుగులు పెట్టాయి. నెలన్నరలో తీగలు మొరం కనపడకుండా కప్పేశాయి. పెళ్లల కుప్ప ఎక్కాయి, ల్యాబు మెట్ల మీదకొచ్చాయి, ఒక తీగ ఎవరిదో స్కూటర్ చక్రంలోంచి దూరి బయటికొచ్చింది. పచ్చటి ఆకుల కింద పసుపు రంగు కాయలు. దసరా సెలవులకి రెండు రోజుల ముందు హెడ్డు చూడటానికి వచ్చాడు. కాలు పెట్టడానికి చోటు లేక గట్టు మీదే ఆగిపోయాడు. టైల్స్ ఎక్కడ వేయమంటారు సార్ అని అడిగాను. ఆయన వంగి తనే ఒక దోసకాయ తెంపుకుని, ఇంట్లో పప్పులోకి పనికొస్తుందంటూ లోపలికెళ్లి, హాస్టల్ కాగితం మీద గీత కొట్టేశాడు. నేను చూస్తుండగానే కొట్టాడు, కనక ఖాయం.

ఆ రోజు ఎనిమిది కాయలు ఇంటికి తెచ్చుకున్నాను. మావారిని కూర్చోబెట్టి ముక్కలు కోయించాను. ఆవపిండి, కారం కలిపి, ఉప్పు దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగింది. ఈసారి చెంచాతో కొలిచి వేశాను. మర్నాడు చిన్న గాజు సీసాలో దోసావకాయ పెట్టుకుని, పెయింటు డబ్బాతో పాటు క్యాంపస్‌కి తీసుకెళ్లాను.

పెద్దమ్మ గట్టు మీద కూర్చుని మన్ను అంటిన చేతులు కడుక్కుంది. సీసా మూత తీసి, వేలి కొసతో కొంచెం ముద్ద తీసి నాలుక మీద వేసుకుంది. కాసేపు ఆగింది. అచ్చం మట్టిని చూసినట్టే చూసింది. నేను వైవాకి వచ్చిన పిల్లలా నిలబడ్డాను.

"ఉప్పు సక్కగున్నది బిడ్డా," అంది.

అంతవరకు ఆవిడకు నేను మేడమ్‌నే. నేను గట్టు మీద ఆవిడ పక్కనే కూర్చున్నాను. ఆవిడ సద్దిడబ్బా విప్పి అన్నం సగం నా వైపు తోసింది, ఇద్దరం దోసావకాయ కలుపుకుని తిన్నాం.